నాలుగు వేళ్ల ఎత్తు

బోధన్ దగ్గర,
ఫిబ్రవరి 6, 2025

సౌందర్య అక్కకు,

నీ చెల్లి సుమన రాసుకునేది. ఇక్కడ అందరం బాగున్నామని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఇంట్లో ఉన్నవి రెండు ఫోన్లు. ఒకటి ఆయన జేబులో, ఒకటి అత్తమ్మ కొంగులో. అత్తమ్మకు చెవి సరిగా వినపడదు. స్పీకర్ పెట్టి నా పక్కనే కూర్చుంటుంది. నేను "అక్కా" అంటే వాకిట్లో పోయేవాళ్లు కూడా ఆగి వింటారు. నిజామాబాద్ పసుపు మార్కెట్ యార్డులో చిరిగిన గోనెసంచులు కుట్టే కనీజ్ మీ ఇందల్వాయి నుంచే వస్తుంది. ఆమె కుట్టుసంచిలో పెట్టి పంపుతున్నాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. తప్పులుంటే సర్దుకుని చదువు.

బావది టైర్ల షాపు కాబట్టి ఒక మాట అడగాలి. మీ మరిదికి, అదే మా ఆయనకు, పికప్ బండి టైర్ల పిచ్చి పట్టింది. పెద్ద పెద్ద గుబ్బలున్న టైర్లు, రోడ్డు మీదా బురదలోనూ పోయేవి కావాలట. పొద్దు గుంకితే మధుకర్ వస్తాడు. బండి మీద బస్తాలెత్తేది, దించేది అతనే. ఈయనకు చిన్నప్పటి దోస్తు కూడా. ఇద్దరూ నా గడప మీద కూర్చుని ఫోన్లో టైర్ల వీడియోలు చూస్తారు. మధుకర్ అరచేతిలో పొగాకు, సున్నం వేసి నలుపుతూనే ఉంటాడు. నేను ముగ్గు వేసిన చోటే ఉమ్ముతాడు. "అరె సూడు సురేందరన్నా, గీ గుబ్బలు సూడు, అడివిల శేర్ కాలు లెక్కున్నది" అంటాడు. ఈయన ఆ ఫోన్లోని టైరును వేలితో నిమురుతాడు. అంత ముద్దుగా ఆయన దేన్నీ నిమరగా నేను చూడలేదు. చీ, ఏం రాస్తున్నానో.

పూర్తిగా ఆయన తప్పనీ అనలేను. కాలువ నీళ్లు వదిలాక పసుపు చేలకు పోయే బాట నల్లమట్టి ముద్దవుతుంది. మొన్న రెండుసార్లు బండి దిగబడింది. కానీ ఆ బురద ఎంతుందో తెలుసా? నేను అడుగులు లెక్కపెట్టాను. మూడు వందల నలభై. తక్కినదంతా నిజామాబాద్ దాకా తారు రోడ్డే. రోజూ పోను రాను అరవై కిలోమీటర్లు.

నా భయం వేరే. రోజూ పొద్దున బస్తాల మీద పన్నెండు మంది ఆడవాళ్లం యార్డుకు పోతాం. పసుపులో పొడుగు కాడి, గుండ్రటి గోళ వేరు చేసే పని. అత్తమ్మ మేస్త్రి కాబట్టి ముందు సీట్లో కూర్చుంటుంది. మేము వెనక ఇనుప పట్టీ మీద కాలు పెట్టి, గొలుసు పట్టుకుని ఎక్కుతాం. ఇంట్లోంచి నేను బయటపడేది ఆ పనికే. బండి ఇంకా ఎత్తయితే చీరతో ఎట్లా ఎక్కాలి?

బస్తాలు నింపిన రోజు ఎవరూ లేనప్పుడు కొలిచాను. టైరుకూ పైన మడ్గార్డుకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది. ఎంత పెద్దవి పడతాయో, ఎంత ఎత్తు లేస్తుందో బావను అడిగి రాయి. నేను అడిగినట్టు మాత్రం ఈయనకు తెలియనీయకండి.

నీ చెల్లి
సుమన

---

ఇందల్వాయి,
ఫిబ్రవరి 9

చెల్లీ సుమనా,

నీ ఉత్తరం చూసి మీ బావ "మన షాపుల పనికి పెట్టుకుందామా మరదలిని, అడుగులు గూడ లెక్కవెట్టింది" అని పొంగిపోయాడు. హైవే మీద పద్నాలుగు చక్రాల లారీలు నడిపేవాళ్లు కూడా టైరు మీద ఏం రాసుందో చూడరట.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పూర్తి బురద టైర్లు వద్దు. తారు రోడ్డు మీద అవి తేనెటీగల్లా రొద చేస్తాయి, గుబ్బలు ఏడాదిలో అరుగుతాయి. రెండింటికీ పనికొచ్చే రకం వేసుకోమను. కార్లకు వేసే షోకు టైర్లు బస్తాల బండికి వేయకూడదు. టైరు పక్కన బరువు నంబరు ఉంటుంది, అది పాతదానికంటే తక్కువ ఉండకూడదు. పెద్ద టైరు వేస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది. మీటరు అరవై చూపిస్తుంటే బండి అరవై ఐదులో పోతుంటుంది. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

నాలుగు వేళ్ల సందుంటే రెండు సైజులు పెద్దది హాయిగా పడుతుందట. ఎత్తు లేచేది రెండు వేళ్లేనట. దానికే ఎక్కలేవా నువ్వు? చిన్నప్పుడు చెరకు ట్రాక్టరు నడుస్తుంటే ఎక్కి గడలు లాగింది ఎవరు?

సురేందర్ నిన్న ఫోన్ చేశాడు. మీ బావ ఆ సైజే చెప్పాడు. నీ పేరు ఎత్తలేదు, ఒట్టు.

మీ మధుకర్ ఉమ్మిన చోట కారం పొడి చల్లు. మళ్లీ కూర్చోడు.

ఉంటాను మరి,
సౌందర్య

---

బోధన్ దగ్గర,
ఫిబ్రవరి 20

అక్కా,

టైర్లు వచ్చాయి. బిగించడానికి మంచిరోజు లేదని నాలుగు రోజులు వంటింట్లో పెట్టారు. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారట. బియ్యం డబ్బా వాకిట్లోకి పోయింది, టైర్లు దాని చోట్లోకి వచ్చాయి. అన్నం తింటుంటే రబ్బరు తిన్నట్టే ఉండేది. కొత్త టైరుకు వెంట్రుకల్లాగా సన్నటి రబ్బరు ముళ్లుంటాయి చూడు, మధుకర్ ముచ్చట పెడుతూ అవి ఒక్కొక్కటే పీకి పొయ్యి దగ్గర పడేశాడు. నా పప్పులో రెండు తేలాయి. అత్తమ్మ గరిటెతో ఎత్తి చూపిస్తూ "నీ నెత్తి కొంగు సరిగ కట్టుకోవేందే" అంది. నా వెంట్రుకలు అంత లావుంటాయా అక్కా?

శుక్రవారం బిగించారు. నాలుగింటికీ పసుపు బొట్లు, దండలు, కింద నిమ్మకాయలు. ఖాళీ బండి బాగానే పోయింది. బస్తాలు వేసి మలుపు తిప్పేసరికి టైరు మడ్గార్డుకు రాసుకుని గీరింది. కాలిన వాసన. అత్తమ్మ ముక్కు మూసుకుంది. ఈయన టైర్లు తీస్తాడనుకున్నాను. తీయలేదు. బోధన్ తీసుకుపోయి కింది స్ప్రింగు కమాన్లలో అదనంగా పట్టీలు వేయించి బండినే పైకి లేపాడు. ఇప్పుడు రాసుకోవడం లేదు. కానీ మీరు రాసిన రెండు వేళ్లు ఎక్కడున్నాయి? నా జానెడు లేచింది. ఇనుప పట్టీ నా తొడ దగ్గరికొచ్చింది.

అత్తమ్మకు మోకాళ్ల నొప్పులని ఈయన ఒక పీట తెచ్చాడు. వాళ్లమ్మ ఎక్కాక ఆ పీటను ముందరే ఆమె కాళ్ల దగ్గర పెడతాడు. వెనక మాకు పీట లేదు.

అక్కా, నాకు బండి ఎక్కడం చాతకావడం లేదు. ఎందుకని అడగకు, రాయడానికి సిగ్గు. పొద్దున లేవగానే ఆ బండి గుర్తొచ్చి వాంతి వచ్చినట్టుంటుంది. తిన్నది సయించడం లేదు. బావతో ఏదో ఒకటి చెప్పించి ఆ టైర్లు తీయించు. నీకే చెప్తున్నాను. ఎవరికీ చెప్పకు.

సుమన

---

ఇందల్వాయి,
ఫిబ్రవరి 23

నా బంగారు తల్లీ,

సిగ్గుపడతావెందుకే! వాంతులు, తిండి సయించకపోవడం, బండి ఎక్కలేకపోవడం. నేనేమన్నా చిన్నపిల్లనా అర్థం కాకపోవడానికి? పెళ్లయి రెండేళ్లు దాటిందని మనల్ని కన్న అవ్వ ఎన్ని మొక్కులు మొక్కింది! ఎవరికీ చెప్పకు అన్నావు, కానీ అవ్వకు చెప్పకుండా ఉంటానా? ఫోన్లోనే ఏడ్చేసింది. బాపు వీధిలోకి పోయి అందరికీ చెప్పొచ్చాడట.

నువ్విప్పుడు ఆ బండి ఎక్కనే వద్దు. కనీజ్ చేతికి చింతకాయ తొక్కు ఇస్తున్నాను. ఒక్కదానివే తిను.

టైర్ల సంగతి. మీ బావ తల పట్టుకున్నాడు. నాలుగు వేళ్లని నువ్వు రాస్తే ఆయన తన నాలుగు వేళ్లు ఆనించి లెక్కేశాడు. నీవి బీడీలు చుట్టిన వేళ్లు, ఆయనవి జాకీ రాడ్డు పట్టిన వేళ్లు. నిన్న కాగితం మీద నా చెయ్యి పెట్టి గీసి, పక్కన తన చెయ్యి పెట్టి గీశాడు. నా నాలుగూ ఆయనవి మూడూ ఒకటే. "అయ్యో, మరదలు రాసిందన్న యాది గూడ లేకపాయె" అని ఒకటే బాధ. ఇప్పుడు ఆ సైజు తీసేయమని సురేందర్‌కు చెప్తే, పోయినసారి నువ్వే చెప్పావు కదా అంటాడు.

సరేలే, టైర్ల గోల మనకెందుకిప్పుడు. నెలతప్పి ఎన్నాళ్లయిందో రాయి.

నీ అక్క

---

బోధన్ దగ్గర,
ఫిబ్రవరి 28

అక్కా,

ఎంత పని చేశావు.

నాకు కడుపు లేదు. నువ్వు అవ్వకు చెప్పావు, అవ్వ అత్తమ్మకు ఫోన్ చేసింది, స్పీకర్లో విని వాడంతా వచ్చింది. అత్తమ్మ నాతో కోపంగా, మురిపెంగా ఒకేసారి మాట్లాడింది. "నాకు జెప్పకుంట మీ అక్కకు జెప్తవా" అంది. లేదంటే నమ్మలేదు. సిగ్గుపడుతున్నానని నవ్వింది. బుధవారం నుంచి నన్ను యార్డుకు పోనివ్వడం లేదు. ఇంట్లో కూర్చోబెట్టి ఖర్జూరాలు తినిపిస్తోంది. ఈ ఉత్తరం మాతో యార్డుకొచ్చే తిరుపతమ్మ చేతికిస్తే ఆమె కనీజ్‌కు ఇస్తుంది.

చెప్పకు అన్న మాట ఎవరూ వినరు. కాబట్టి రాసేస్తున్నాను. సిగ్గు ఇంకేం మిగిలింది.

బండి ఎత్తయ్యాక మేం ఎవరం మా అంతట మేం ఎక్కలేకపోతున్నాం. మధుకర్ వెనక నిలబడి "రా, చెయ్యియ్యి, నేనెక్కిస్త" అంటాడు. చెయ్యి పట్టుకుంటే సరే అనుకున్నాను. చెయ్యి పట్టుకోడు. నడుం దగ్గర వేస్తాడు. ఎక్కాక కూడా తీయడు. ఆ చేతికి పొగాకు, సున్నం తడి. నా నల్ల జాకెట్టు మీద అయిదు వేళ్లూ తెల్లగా పడతాయి. యార్డులో నల్లా దగ్గర కడుక్కుంటాను. దిగేటప్పుడు మళ్లీ. ఇంటికొచ్చి సబ్బుతో రుద్దినా ఆ వాసన నా ఒంట్లోంచే వస్తున్నట్టుంటుంది. అందుకక్కా వాంతి.

ఈయన ముందు కూర్చుని పాటలు పెట్టుకుంటాడు. అద్దంలో టైర్లు చూసుకుంటాడు గానీ మమ్మల్ని చూడడు. చెప్తే "ఎక్కియ్యనీకే గదనే, నీకేమైంది, మిగిలినోళ్లు ఎక్కుతలేరా" అంటాడు. ఆ మాట ఆయన అనకముందే నాకు వినపడుతుంది. అందుకే చెప్పలేదు.

ఇంకోటి కూడా ఉంది. నాలుగు వేళ్లని రాసింది నేనే. నేను కొలవకపోతే బావ ఆ సైజు చెప్పేవాడు కాదు. బండి ఇంత లేచేది కాదు. నా మీద నాకే రోత పుడుతోంది.

ఇంట్లో కూర్చుంటే ఆ చెయ్యి తప్పింది. కానీ ఎన్నాళ్లు? కడుపు లేదని తెలిశాక మళ్లీ ఆ బండే. లేదా ఈ నాలుగు గోడలే. నాకు యార్డుకు పోవాలని ఉంది. నా కాళ్లతో ఎక్కి పోవాలని ఉంది.

తొక్కు తిరుపతమ్మకు ఇచ్చేశాను. ఏమనుకోకు.

సుమన

---

ఇందల్వాయి,
మార్చి 2

సుమనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను. నా నోటిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. అవ్వకు నిజం చెప్పాను. వినగానే ఫోన్ పెట్టేసింది.

మీ బావకూ చెప్పాను. కోపం చేసుకోకు, నువ్వు చెప్పొద్దని రాయలేదు. ఆయన రాడ్డు పట్టుకుని బయల్దేరాడు. ఆపాను. మగవాళ్లిద్దరూ కొట్టుకుంటే చివరికి ఎవరి వల్ల కొట్టుకున్నారని మాటొస్తుంది? నీ మీదికే వస్తుంది.

నీ రోత నీ మీద వేసుకోకు. కొలిచింది నువ్వు, చెయ్యి వేసింది వాడు. అవి రెండూ ఒకటి కాదు.

వాడు నీ ఒక్కదానికే అట్లా చేస్తాడా? తిరుపతమ్మను అడుగు. నిజామాబాద్‌కు బస్సు లేదా? ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే ఊరికే కదా.

పదిరోజులు చూస్తాను. నువ్వు చెప్పకపోతే నేనొచ్చి మీ వాకిట్లో నిలబడి చెప్తాను. నా గొంతు నీకు తెలుసు.

సౌందర్య

---

బోధన్ దగ్గర,
మార్చి 7

అక్కా,

నువ్వు రావలసిన పని లేదు.

మంగళవారం పొద్దున నేను అన్నం డబ్బా కట్టుకుని రోడ్డు మీదికి పోయాను. అత్తమ్మ అప్పటికే పీటెక్కి ముందు సీట్లో కూర్చుంది. నన్ను చూసి "నిన్ను రావద్దన్న గదనే!" అని అరిచింది. ఈయన తల బయటపెట్టి, "రానీ తియ్యే అవ్వా, ఇంట్ల ఒక్కదానికి బుగులైతున్నట్టుంది" అని, వెనక్కి తిరిగి ఏమన్నాడో తెలుసా? "మధూ, మీ వదినెను జర పైలంగ ఎక్కియ్" అన్నాడు.

మధుకర్ అరచేతిలోది నోట్లో వేసుకుని, అదే చెయ్యి చాపాడు. "దా వదినె."

నాకు ఏమైందో తెలియదు. "నేనెక్క" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు.

"ఎందుకెక్కవ్?" అన్నాడు ఈయన దిగివచ్చి.

"నాకు కడుపు లేదు, ఏం లేదు. గీ మధుకర్ ఎక్కిస్తనని నడుం మీద చెయ్యేస్తుండు. తీస్తలేడు. నేనెక్క."

చెరకు ట్రాక్టరొకటి పక్కనుంచి పోయింది. మధుకర్ నవ్వాడు. "అరె, పడకుంట పట్టుకుంటే గది గూడ తప్పేనా? మంచికి రోజులు లెవ్వు సురేందరన్నా" అన్నాడు.

అప్పుడు తిరుపతమ్మ ముందుకొచ్చింది. ఆమెకు యాభై దాటాయి. కొంగు పక్కకు తీసి వెనక్కి తిరిగింది. ఆమె జాకెట్టు మీద నిన్నటి తెల్ల మరక. "సున్నం ఎక్కువైతే మీ ఇంటి గోడలకేస్కోరాదుర? మా నడుములే దొరికినయా నీకు?" అంది. ఎవరో ఒకామె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే తమ నడుము వైపు చూసుకున్నారు. అప్పటిదాకా ఎవరికి వాళ్లం ఒక్కొక్కరిగా నల్లా దగ్గర కడుక్కుంటున్నాం అక్కా, పక్కదాన్ని చూడకుండా.

ఈయన నా దగ్గరికొచ్చి పళ్ల మధ్య నుంచి "నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తివి గదనే" అన్నాడు. మరక నా మీద పడింది. ఇజ్జత్ ఆయనది పోయిందట.

నేను రోడ్డు దాటి బస్సు ఆగే చోట నిలబడ్డాను. వెనక్కి చూడలేదు, భయం. చెప్పుల చప్పుడు వినిపించింది. బస్సు వచ్చేసరికి పన్నెండు మందిమీ అక్కడే ఉన్నాం. యార్డుకు అరగంట ఆలస్యమైంది. సేటు గొణిగాడు. గొణగనీ.

రెండోరోజు అత్తమ్మ ఖాళీ బండిలో మేస్త్రిలా ఎట్లా పోతుంది? ఆమె కూడా బస్సెక్కింది. నా పక్కనే కూర్చుంది. జాన్కంపేట దాటాక అడిగింది, "నాకెందుకు జెప్పలేదే?" అని.

"మీరు ముందట కూసుంటరు గదా అత్తమ్మా" అన్నాను.

నేను ఖర్జూరాల సంగతి ఎత్తలేదు.

ఈయన నాతో మాట్లాడడం లేదు.

సుమన

---

ఇందల్వాయి,
మార్చి 12

చెల్లీ,

సురేందర్ నిన్న మా షాపుకు వచ్చాడు. టైర్లు తీసేయమన్నాడు, కమాన్ల అదనపు పట్టీలు కూడా. మీ బావ ఊరుకోకుండా "ఎందుకు తమ్మీ, కొత్తగున్నయ్ గద" అని అడిగాడు. ఏమన్నాడో తెలుసా? "మైలేజ్ వస్తలేదన్నా."

మైలేజ్ అట! నేను లోపల టీ పెడుతున్నాను. గిన్నె తీసుకొచ్చి నెత్తిన కుమ్మరిద్దామనిపించింది. టీ ఇచ్చాను. చక్కెర వేయలేదు. మెదలకుండా తాగేశాడు.

మీ బావ ఈసారి తనే బండి కిందికి దూరి, స్కేలుతో కొలిచి, బస్తాల బదులు ఇసుక సంచులు వేయించి మళ్లీ కొలిచాడు. పాత సైజే, రెండు దారులకూ పనికొచ్చే గుబ్బలవి వేశాడు. నీ మూడు వందల నలభై అడుగులకు అవి చాలునట. బురదలోకి దిగే ముందు గాలి కొంచెం తగ్గించుకొమ్మని చెప్పాడు. బండి మళ్లీ పాత ఎత్తుకు దిగింది. ఇనుప పట్టీ నీ మోకాలి దగ్గరికి వస్తుంది.

నీ కోరిక తీరింది. ఇక నీ కాళ్లతో నువ్వే ఎక్కు. పోతూ పోతూ "సుమన బస్సుల తిప్పలు పడుతున్నది వదినె, మీరన్న జెప్పుండ్రి" అన్నాడు. ముఖం చూస్తే జాలేసింది. ఒప్పుకో ఇక.

సౌందర్య

---

బోధన్ దగ్గర,
మార్చి 17

అక్కా,

బండి చూశాను. బావ మంచిపని చేశాడు. చేలబాటలో దిగబడకుండా పోతోందట, రొద కూడా లేదు. బావకు నా దండాలు చెప్పు.

నిన్న రాత్రి అన్నం దగ్గర ఆయన మాట్లాడాడు. "బండి దిగింది సూసినవా? రేపటి సంది రా. నువ్వు ముందట కూసో. అవ్వ పక్కకు జరుగుతది. ఇగ నిన్ను ఎవ్వడు ముట్టడు."

"ఎనక ఎవరుంటరు?" అన్నాను.

"ఎవరుంటరు, రోజూ ఉండేటోళ్లే."

"మధుకర్?"

పళ్లెంలోకి చూశాడు. "బస్తాలెవరెత్తాలె మరి? చిన్నప్పటి సంది ఉన్నడు. ఒక్క మాటకు ఎల్లగొడ్తమా? చెప్పిన వానికి, దూరముండమని చెప్పిన."

చెప్పిన మాట నిజమే కావచ్చు. ఈ రోజు పొద్దున వాడు మా గడప మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మర్యాదగా. అరచేతిలో నలుపుతూనే ఉన్నాడు. ఈయన వాడికి టీ ఇమ్మన్నాడు. నేను ఇవ్వలేదు. ఆయనే లేచి పోసిచ్చాడు.

జాలి నాకూ వేసింది అక్కా. కానీ ఆ జాలితో బండి ఎక్కలేను. అంత ముద్దుగా నిమిరిన టైర్లు తీసేశాడు, బండిని దించాడు, మైలేజ్ అని నీ ముందు అబద్ధమాడాడు. ఇన్ని చేశాడు, చేయాల్సిన ఒక్కటి తప్ప. ఆ బండిలోంచి దించాల్సింది ఎవరినో ఆయనకు తెలియదని నేననుకోను.

నేను ముందు కూర్చుంటే నా ఒక్కదాని నడుమే తప్పుతుంది. వెనక పదకొండు మంది ఉంటారు. అప్పుడు అద్దంలో వెనకవాళ్లను చూడకుండా కూర్చునేది నేనవుతాను.

బస్సు ఏడుంబావుకు వస్తుంది. అత్తమ్మ సేటుతో మాట్లాడి పని ఎనిమిదికి మొదలుపెట్టించింది. ఆమె కూడా బస్సులోనే వస్తోంది, పిలిచినా బండి వైపు పోవడం లేదు. పొద్దున బస్సు బయల్దేరేటప్పుడు మా పికప్ పక్కనుంచి పోయింది. వెనక బస్తాలు, బస్తాల మీద మధుకర్ ఒక్కడే. ఈయన మా వైపు చూసి హారన్ కొట్టాడు.

నేను కండక్టరుకు ఆధార్ కార్డు చూపిస్తున్నాను. తల తిప్పలేదు.

సుమన